వాడు ఐపీ పెట్టేశాడు, ఇప్పుడు మనమేం చేయాలి? బరంపురం, ఇచ్ఛాపురం వైపు అప్పిచ్చినవాళ్ల కోసం

మొన్న ఇచ్ఛాపురం నుంచి మావయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్, బరంపురం కోర్టు నుంచి ఏదో ఇంగ్లీషు కాయితం వస్తే పోస్ట్‌మ్యాన్‌ని వెనక్కి పంపేశాను. సంతకం పెట్టి తీసుకుంటే బాకీ వదులుకున్నట్టేనట, ఇక్కడ అందరూ అదే అంటున్నారు."

"తీసుకోకపోతేనే వదులుకున్నట్టు మావయ్యా. రేపు పొద్దున్నే పోస్టాఫీసుకెళ్లి అడిగి తీసుకో."

ఇలాంటి ఫోన్లు నాకు నెలకొకటైనా వస్తున్నాయి. అందుకే ఇది ఒకసారి కూర్చుని వరసగా రాస్తున్నాను. నేను లాయరుని కాను, ఒడిశాలోని బరంపురంలో బట్టల కొట్లకు లెక్కలు రాసేవాణ్ని, ఐపీ కేసులు (ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పెట్టడం) కొన్ని దగ్గరుండి చూశాను, ఒకదాంట్లో నా డబ్బు కూడా ఇరుక్కుంది. కోర్టులో నిలబడ్డానికి మీకు లాయరు కావాల్సిందే. కానీ లాయరు దగ్గరికి ఏం పట్టుకెళ్లాలో, ఏం అడగాలో తెలియకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

## 1. ముందు తేల్చుకోవాల్సింది: మనిషా, కంపెనీయా?

షాపు బోర్డు చూసి నిర్ణయించకండి. బిల్లు మీద ఉన్న జీఎస్టీ నంబరు తీసుకుని జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూడండి, అది ప్రొప్రయిటర్ షాపా, పార్ట్‌నర్‌షిప్పా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయా అన్నది అక్కడ కనిపిస్తుంది. దారి అక్కడే రెండుగా చీలుతుంది.

మనిషి, సొంత షాపు, పార్ట్‌నర్‌షిప్ అయితే ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది కదా అంటారు. వచ్చింది, కానీ అందులో మనుషులకు సంబంధించిన భాగం కంపెనీ అప్పులకు షూరిటీ సంతకం పెట్టినవాళ్ల వరకే 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మామూలు వ్యాపారి ఐపీ పెడితే అది పాత చట్టం కిందే, సివిల్ కోర్టులోనే.

ఏ కోర్టు? బాకీదారు ఉండే చోటు, లేదా వ్యాపారం చేసే చోటు. మీరు సోంపేటలో ఉన్నా, పలాసలో జీడిపప్పు అమ్మినా, అతని షాపు బరంపురంలో ఉంటే మీరు బరంపురం రావాల్సిందే. గంజాం జిల్లా జడ్జి కోర్టు అక్కడే ఉంది.

లిమిటెడ్ కంపెనీ అయితే నేరుగా 10వ మెట్టుకి వెళ్లండి. దాని లెక్కే వేరు.

## 2. నోటీసు వచ్చిన మొదటి వారం

నోటీసు తీసుకోండి. తిప్పి పంపితే, అందినట్టే లెక్కగట్టి కోర్టు ముందుకు పోతుంది, మీరు మాత్రం వెనకపడిపోతారు. కవరు పారేయకండి, దాని మీద ఉన్న పోస్టాఫీసు ముద్ర తేదీ తర్వాత పనికొస్తుంది.

ఈ వారంలో చేయాల్సినవి:

- కేసు నంబరు, వాయిదా తేదీ రాసుకోండి. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు వెతికి 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు పట్టుకోండి, ఇకపై వాయిదాలు ఫోన్లోనే చూసుకోవచ్చు.
- బరంపురం కోర్టులో రోజూ ఉండే లాయరుకి వకాల్తా ఇవ్వండి. శ్రీకాకుళం నుంచి తీసుకొచ్చే పెద్ద లాయరు కన్నా కోర్టుపేటలో కూర్చునే మామూలు లాయరు మీకు ఎక్కువ ఉపయోగం. లాయరు ఫీజు కష్టమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు.
- ఐపీ పిటిషన్ కాపీ మొత్తం తెప్పించుకోండి. నోటీసుతో వచ్చిన ఒక్క పేజీ కాదు, వెనక ఉన్న జాబితాలతో సహా.

ఆ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. ఐపీ పెట్టేవాడు తన అప్పులన్నీ, అప్పిచ్చినవాళ్ల పేర్లు, చిరునామాలు, తన ఆస్తులు, వాటి విలువ అన్నీ పిటిషన్లో రాసివ్వాలి. ఇదంతా సంతకం పెట్టి మరీ ఇచ్చిన కాగితం. మీ దగ్గర నోటు సరిగా లేకపోయినా, "ఫలానా ఆయనకు నేను 3 లక్షలు బాకీ" అని అతనే రాసిన ఆ లైను మీకు బలమైన ఆధారం.

జాబితాలో మీ పేరు లేదా? కంగారు పడకండి. పేరు రాయనంత మాత్రాన మీ బాకీ ఎక్కడికీ పోదు, డిశ్చార్జ్ (కోర్టు అతన్ని అప్పుల నుంచి విడుదల చేయడం) అయ్యేలోపు ఎప్పుడైనా రుజువు చూపించి పేరు ఎక్కించమని అడగొచ్చు. కాకపోతే ఎంత ఆలస్యమైతే అంత నష్టం, ఎందుకో 6వ మెట్టులో చెబుతా.

ఇక చేయకూడనిది ఒకటుంది. నలుగురం కలిసి వెళ్లి అతని షాపుకి మన తాళం వేసేయడం, లేదా రాత్రికి రాత్రి థానులు ఆటోలో ఎక్కించుకు రావడం. కోపం అర్థమవుతుంది. కానీ అలా చేసినరోజు నుంచి కోర్టులో దొంగ మీరవుతారు, బాధితుడు అతనవుతాడు. నా కళ్లముందే జరిగింది ఇది.

## 3. కాగితాలు: ఇంట్లో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టండి

ప్రోనోటు ఉంటే మొదట ముందు వైపు చూడండి: రెవెన్యూ స్టాంపు, దాని మీద సంతకం, తేదీ. స్టాంపు లేని ప్రోనోటుని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తర్వాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలు కూడా ప్రోనోటుకి లేదు.

ఇప్పుడు వెనక వైపు తిప్పండి. చాలామంది చూడనిది ఇదే. నోటు రాసిన 3 ఏళ్లకి కాలదోషం పడుతుంది, ఈలోపు కొంత కట్టి వెనక చెల్లు వేయిస్తే ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు. ఆ చెల్లు బాకీదారు చేతిరాతో, అతని సంతకమో ఉండాలి. మన చేత్తో "5,000 ముట్టినవి" అని రాసుకుంటే అది చెల్లు కాదు, మన డైరీ. ఒకాయన నోటు వెనక వరసగా నాలుగు చెల్లులు చూశాను, అన్నీ అప్పిచ్చిన పెద్దాయన గుండ్రటి చేతిరాతలోనే, ఒక్కదాని కింద కూడా అవతలివాడి సంతకం లేదు. ఆరేళ్ల నాటి నోటు అది. ఆయనకి మిగిలింది ఆ కాగితమే.

సరుకు బాకీ అయితే:

- జీఎస్టీ బిల్లులు, ఈ-వే బిల్లులు, లారీ రసీదులు
- మీ ఆవర్జాలో అతని ఖాతా పేజీ, మొదటి పద్దు నుంచి చివరి పద్దు వరకూ
- బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ చెల్లింపులు
- "వచ్చే నెల సర్దుతా అన్నయ్యా" లాంటి వాట్సాప్ మెసేజ్‌లు. ప్రింటు ఒక్కటే చాలదు, 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి, లాయరుకి గుర్తుచేయండి. ఫోన్ మార్చేయకండి.

ఇంకోటి. మీరు వడ్డీ వ్యాపారమే చేస్తుంటే ఒడిశా మనీ లెండర్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అన్న ప్రశ్న కచ్చితంగా వస్తుంది. లేకపోతే ఆ సంగతి లాయరుకి ముందే చెప్పండి, కోర్టులో అవతలి లాయరు నోటి నుంచి వినడం కన్నా అది మేలు.

అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. జిరాక్సులు ఇవ్వండి, అసలువి కోర్టు అడిగినరోజు మీరే పట్టుకెళ్లండి.

## 4. అతని ఆస్తి ఎక్కడుందో వెతకడం

జాబితాలో "ఒక పాత ఇల్లు, షాపులో సరుకు 40,000, కుట్టుమిషన్ ఒకటి" అని ఉంటుంది. అది నమ్మి కూర్చోవద్దు. అలాగని ఊళ్లో విన్న కబుర్లతో కోర్టుకి వెళ్లినా లాభం లేదు. కాగితం కావాలి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అతని ఇంటికి, స్థలాలకి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే కాగితం) తీయించండి, కనీసం గత మూడు నాలుగేళ్లది. ఒడిశా వైపు పొలాలు, స్థలాలు ఎవరి పేరున ఉన్నాయో భూలేఖ్ సైట్లో చూడొచ్చు. మనవాళ్లు తరచూ మరిచేది సరిహద్దు ఇవతల ఆస్తి: బరంపురంలో వ్యాపారం, ఇచ్ఛాపురంలోనో కంచిలిలోనో అత్తారిచ్చిన స్థలం. అది కూడా అతని పేరున ఉంటే జాబితాలో రాయాల్సిందే.

ఈసీలో మీరు వెతకాల్సింది రెండు: భార్యకో కొడుక్కో గిఫ్టు డీడ్, బావమరిదికి చవగ్గా అమ్మకం. తేదీలు ఎర్ర పెన్నుతో రాసుకోండి. ఆ తేదీలతోనే 8వ మెట్టులో పని.

ఏవి ముట్టుకోలేమో కూడా తెలుసుకోండి: కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతివృత్తి పనిముట్లు, ప్రావిడెంట్ ఫండ్, జీవిత బీమా పాలసీ డబ్బు. వీటి మీద జప్తు చెల్లదు. నేతగాడి మగ్గం కోసం పోట్లాడి టైమ్ పోగొట్టుకోకండి.

## 5. విచారణ రోజు: ప్రశ్న అడిగే హక్కు మీకుంది

చట్టం 24వ సెక్షన్ ఏమంటుందంటే, బాకీదారుని అతని నడవడి, లావాదేవీలు, ఆస్తుల గురించి కోర్టు విచారించాలి, హాజరైన అప్పులవాళ్లకి, అంటే అప్పిచ్చినవాళ్లకి, అతన్ని ప్రశ్నించే హక్కు ఉంటుంది. హాజరైనవాళ్లకి, ఇంట్లో కూర్చున్నవాళ్లకి కాదు. ముప్ఫై మందికి నోటీసులు వెళ్తే ముగ్గురు వచ్చిన వాయిదాలు నేను చూశాను.

ఇక్కడే అందరూ చేసే తప్పు: "వీడు మోసగాడు సార్, ఊరంతా ముంచాడు" అని అరవడం. ఈ దశలో కోర్టు చూసేది అది కాదు, అప్పులు తీర్చలేని స్థితిలో ఉన్నాడా లేడా అన్నది. అది కూడా అతను పైపైన చూపిస్తే చాలు. అతని మోసం సంగతి తర్వాత డిశ్చార్జ్ దగ్గర బాగా పనికొస్తుంది. ఇప్పుడు పిటిషన్ కొట్టేయించాలంటే "తీర్చగలడు, కావాలనే తీర్చడం లేదు" అని చూపించాలి.

లాయరు చేత అడిగించాల్సిన ప్రశ్నలు, నేనైతే చీటీ మీద రాసిస్తాను:

- యాత్ర ముందు నెలలో మీరు కొన్న సరుకు ఎంత? అమ్మింది ఎంత? ఆ డబ్బు ఏ ఖాతాలో పడింది?
- ఈ ఇల్లు మీ భార్య పేరున ఏ తేదీన మారింది? ఆవిడ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చింది?
- లెక్కల పుస్తకాలు ఎక్కడ? కోర్టుకి తెచ్చారా?
- పిటిషన్ వేసే ముందు మూడు నెలల్లో ఎవరెవరికి ఎంత కట్టారు?

యాత్ర అంటే బరంపురంవాళ్లకి చెప్పక్కర్లేదు. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రకి ముందు అరువు మీద సరుకు తోసెయ్యడం మన వ్యాపారంలో మామూలే, ఆ అరువే చాలాసార్లు ఐపీ దాకా వస్తుంది.

పిటిషన్ తీసుకోగానే కోర్టుని అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. మొదటిది తాత్కాలిక రిసీవర్, అంటే కోర్టు తరఫున అతని ఆస్తిని చేతిలోకి తీసుకుని చూసే మనిషి. బాకీదారే పిటిషన్ వేసినప్పుడు మామూలుగా రిసీవర్‌ని వేయాలనే చట్టంలో ఉంది, కానీ ఎవరూ అడగకపోతే ఆ మాట అలాగే ఉండిపోతుంది, ఈలోపు గోడౌను ఖాళీ అయిపోతుంది. రెండోది, లెక్కల పుస్తకాలు కోర్టులో పెట్టించమని. పిటిషన్ తీసుకున్నాక పుస్తకాలు ఇవ్వడం అతని బాధ్యత, దాచినా చింపినా అది నేరం, ఏడాది దాకా జైలు.

ఇక వేరే కోర్టులో మీ దావా నడుస్తుంటే: ఐపీ పిటిషన్ వేసినంత మాత్రాన అది ఆగదు. అతన్ని ఇన్సాల్వెంట్‌గా (దివాలా తీసినవాడిగా) ప్రకటించాకే ఆ ప్రశ్న వస్తుంది, అప్పుడు ఆ కోర్టు దావాని ఆపొచ్చు, లేదా షరతులు పెట్టి నడపనివ్వొచ్చు. అలాగని అందరికన్నా ముందు జప్తు తెచ్చుకుంటే ఆస్తి నాదే అనుకోవద్దు. పిటిషన్ తీసుకునే తేదీకల్లా వేలం పూర్తయి డబ్బు చేతికి రాకపోతే, జప్తు చేయించిన మీరూ అందరితో పాటు వరసలోనే.

## 6. ఇన్సాల్వెంట్ అని ప్రకటించాక: బాకీ రుజువు

అతని ఆస్తి కోర్టు చేతికి, లేదా రిసీవర్ చేతికి వెళ్తుంది. ఇకపై కోర్టు అనుమతి లేకుండా మీరు విడిగా దావా వేయలేరు. మీకు మిగిలిన తలుపు ఒక్కటే: అప్పులవాళ్ల షెడ్యూల్లో, అంటే కోర్టు తయారుచేసే జాబితాలో, పేరు ఎక్కించుకోవడం.

నోటీసులో పేరుంది కదా, ఇంకేం చేయాలి అని అడుగుతారు. పేరు ఉండటం వేరు, బాకీ రుజువు కావడం వేరు. 49వ సెక్షన్ కింద ఒక అఫిడవిట్ ఇవ్వాలి, స్వయంగా గానీ కోర్టుకి రిజిస్టర్డ్ పోస్టులో గానీ. అందులో:

- ఎంత బాకీ, ఎప్పటి నుంచి, దేనికి
- ఖాతా లెక్క జత, ఆధారాల జాబితా
- మీ దగ్గర తనఖా ఉందా లేదా
- మీరు అతనికి ఏమైనా ఇవ్వాల్సి ఉందా

చివరిది దాచకండి. మీరు 3 లక్షలు రావాలి, అతని దగ్గర మీరు తీసుకున్న పట్టు చీరలకి 80,000 ఇవ్వాలి అనుకోండి. రెండూ కొట్టేసి 2,20,000కే మీ బాకీ లెక్కిస్తారు. ఇది మీకే లాభం, ఎందుకంటే ఆ 80,000కి మీకు రూపాయికి రూపాయి వచ్చినట్టు.

వడ్డీ దగ్గర చాలామందికి గుండె ఆగుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అని నోటులో రాసుకున్నా, అంటే ఏడాదికి 24 శాతం, పంపకం లెక్కలో ఏడాదికి 6 శాతానికి మించి చూడరు. మిగతాది అందరి బాకీలూ పూర్తిగా తీరాక ఏమైనా మిగిలితేనే. ఐపీ కేసులో మిగలడం నేను చూడలేదు.

ఆలస్యం చేస్తే ఏమవుతుంది? ఒకసారి పంపకం జరిగాక వచ్చినవాళ్లకి, రిసీవర్ చేతిలో మిగిలిన డబ్బులోంచే వాటా. ముందు పంచినది వెనక్కి తీసుకోరు.

## 7. దొంగ అప్పులు: మీ వాటా తినేది ఇవే

ఒక లెక్క చెబుతా, ఊహించుకున్న అంకెలే. ఆస్తి అమ్మితే ఖర్చులు, ప్రభుత్వ బకాయిలు పోను 10 లక్షలు మిగిలింది. జాబితాలో అప్పులు 40 లక్షలు. రూపాయికి పావలా. మీ 2 లక్షలకి 50,000 వస్తుంది.

ఆ 40 లక్షల్లో 20 లక్షలు బావమరుదులు, తోడల్లుళ్ల పేరున రాసిన ఉత్తుత్తి నోట్లని రుజువైందనుకోండి. ఇప్పుడు రూపాయికి అర్ధరూపాయి. మీకు లక్ష. అతని ఆస్తి పైసా పెరగలేదు, మీ వాటా మాత్రం రెట్టింపైంది. అందుకే నేను అందరికీ చెప్పేది, అతని ఆస్తి మీద పెట్టే శ్రద్ధలో సగమైనా తోటి అప్పులవాళ్ల జాబితా మీద పెట్టండి.

ఎలా పట్టుకోవాలి? మా కేసులో పదకొండు నోట్లు, ఆరు ఊళ్ల మనుషులవి. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రాసిన చెయ్యి ఒకటే, 'ళ' తోకని ఎడమకి లాగి కొంచెం పైకి తిప్పే అలవాటు. సాక్షులు కూడా ఇద్దరే, మార్చి మార్చి. తేదీలు మూడేళ్ల మీద పరిచి ఉన్నాయి, సిరా రంగు మాత్రం ఒకటే. ఆ తర్వాత లాయరు ఒక్కొక్కరినీ పిలిచి "ఇంత డబ్బు మీకెక్కడిది, బ్యాంకులోంచి తీశారా?" అని అడిగితే నాలుగో మనిషి నుంచి రావడం మానేశారు.

షెడ్యూల్లో తప్పుగా ఎక్కిన బాకీని తీసేయమని, తగ్గించమని 50వ సెక్షన్ కింద రిసీవర్ అడగొచ్చు. రిసీవర్ కదలకపోతే అప్పులవాడే అడగొచ్చు. రిసీవర్ చేసిన పని ఏదైనా మీకు నష్టం అనిపిస్తే 21 రోజుల్లో కోర్టుకి చెప్పుకోవాలి, ఆ గడువు చాలా చిన్నది, గుర్తుపెట్టుకోండి.

## 8. రెండేళ్లు, మూడు నెలలు

ఈసీలో ఎర్ర పెన్నుతో రాసుకున్న తేదీలు ఇప్పుడు తీయండి.

ఐపీ పిటిషన్ వేసిన తేదీకి ముందు రెండేళ్ల లోపు ఇచ్చిన గిఫ్టు డీడ్, సరైన వెల లేకుండా చేసిన బదిలీ 53వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. నిజంగా డబ్బిచ్చి, మంచి మనసుతో కొన్నవాడికి మాత్రం రక్షణ ఉంది.

పిటిషన్‌కి ముందు మూడు నెలల్లో ఒక్క అప్పులవాడిని మాత్రమే మేలు చేయాలని ఎంచుకుని కట్టేస్తే అదీ రద్దవుతుంది, 54వ సెక్షన్. ఇది రెండు వైపులా పదునున్న కత్తి. "నీకొక్కడికే ఇస్తున్నా బావా, ఎవరికీ చెప్పకు" అని మీకే గుట్టుగా ఇచ్చి ఉంటే, ఆ డబ్బు మీ దగ్గర నుంచి వెనక్కి లాగొచ్చు.

ఈ పిటిషన్ వేయాల్సింది రిసీవర్. అతనికి రాతపూర్వకంగా అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. కాదంటే, బాకీ రుజువు చేసుకున్న అప్పులవాడు కోర్టు అనుమతితో తనే వేయొచ్చు. రుజువు చేసుకున్నవాడు అన్న మాట గమనించారా? 6వ మెట్టు దాటకుండా ఇక్కడికి రాలేరు.

రెండేళ్లు దాటిపోయిన బదిలీ అయితే ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద విడిగా పోరాడాలి. నంబరు ఒకటే, చట్టం వేరు, అది కష్టమైన దారి.

## 9. తనఖా, షూరిటీ, చెక్కు

తనఖా ఉంటే మీరు అదృష్టవంతులు. ఐపీ మీ తనఖా హక్కుని ఆపదు. ఇల్లు అమ్మి 7 లక్షలు వచ్చి మీకు ఇంకా 3 లక్షలు రావాలంటే ఆ 3 లక్షలకి మామూలు అప్పులవాడిలా రుజువు ఇవ్వండి. ఒక పిచ్చి తప్పు: తనఖా సంగతి రాయకుండా మొత్తం బాకీకి అఫిడవిట్ ఇచ్చేయడం. తనఖా వదులుకున్నారనే వాదన అక్కడే పుడుతుంది.

షూరిటీ సంతకం పెట్టినవాడు ఐపీ పెట్టలేదు, బాకీదారు పెట్టాడు. అతని డిశ్చార్జ్‌తో షూరిటీకి విముక్తి రాదు, పార్ట్‌నర్‌కీ రాదు. షూరిటీ మీద దావాకి కూడా 3 ఏళ్ల గడువు నడుస్తూనే ఉంటుంది, ఐపీ తేలాక చూద్దాం అని కూర్చోకండి.

చెక్కు ఉంటే తేదీ నుంచి 3 నెలల్లో బ్యాంకులో వేయండి. తిరిగొస్తే మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అతనికి 15 రోజులు, కట్టకపోతే ఆ తర్వాత ఒక నెలలో ఫిర్యాదు. ఇది క్రిమినల్ కేసు, ఐపీ పెట్టానంటే ఆగేది కాదు. నిజం చెప్పాలంటే ఐపీ పెట్టినవాళ్లు రాజీకి వచ్చేది ఎక్కువగా ఈ కేసు టెన్షన్‌తోనే.

రాజీ అంటే గుర్తొచ్చింది. కోర్టు ద్వారా రాజీ ప్రతిపాదన వస్తే, హాజరైన అప్పులవాళ్లలో తలల లెక్కన సగానికి మించి, బాకీ విలువలో నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి, తర్వాత కోర్టూ ఒప్పుకోవాలి. దొంగ నోట్లు తీయించకపోతే ఆ ఓట్లన్నీ బావమరుదులవే.

## 10. అది కంపెనీ అయితే

కటక్‌లోని ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ కేసులు చూసే ట్రిబ్యునల్) బెంచి. అక్కడ కేసు తీసుకోగానే మారటోరియం మొదలవుతుంది, కంపెనీ మీద దావాలు ఆగిపోతాయి. ఒక ప్రొఫెషనల్‌ని వేస్తారు, ఆయన పేపర్లో బహిరంగ ప్రకటన ఇస్తాడు, అదే ప్రకటన దివాలా బోర్డు వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. మీ ఇంటికి విడిగా నోటీసు వస్తుందని ఎదురుచూడకండి.

- సరుకు, సేవల బాకీ: ఫారం బి. అప్పుగా ఇచ్చిన డబ్బు: ఫారం సి. ఉద్యోగులు, కార్మికులు: ఫారం డి.
- చివరి తేదీ ప్రకటనలోనే ఉంటుంది, మామూలుగా ప్రొఫెషనల్‌ని వేసిన 14 రోజులు. దాటిపోతే ఆలస్యానికి కారణం రాసి వెంటనే పంపండి, కొంతకాలం వరకూ తీసుకునే వీలుంది.

కోటి రూపాయలు లేకపోతే మనం అడగలేం అంటారు. తప్పు. మీరే కేసు వేయాలంటే కోటి ఎగవేత ఉండాలి, వేరేవాళ్లు వేసిన కేసులో 40,000 బాకీకి కూడా క్లెయిమ్ ఇవ్వొచ్చు. ఆశ మాత్రం తక్కువ పెట్టుకోండి, కంపెనీ మూతపడితే సరుకిచ్చినవాళ్లు బ్యాంకులు, కార్మికులు, ప్రభుత్వం తర్వాత వస్తారు. డైరెక్టరు విడిగా షూరిటీ రాసిచ్చి ఉంటే అది వెతకండి.

## 11. డిశ్చార్జ్ దగ్గర నిద్రపోకండి

ఇన్సాల్వెంట్ అని ప్రకటించేటప్పుడే, ఇన్నాళ్లలో డిశ్చార్జ్‌కి దరఖాస్తు చేసుకో అని కోర్టు గడువు పెడుతుంది. ఆ తేదీ మీ క్యాలెండర్లో ఉండాలి.

దరఖాస్తు చేస్తే, 5వ మెట్టులో పక్కన పెట్టిన "మోసగాడు" వాదన ఇప్పుడు తీయండి. లెక్కలు రాయలేదు, తీర్చలేనని తెలిసీ అరువు సరుకు తీసుకున్నాడు, ఆస్తి రూపాయికి అర్ధరూపాయి కూడా లేదు, ఇవన్నీ పూర్తి డిశ్చార్జ్ ఇవ్వకపోవడానికి చట్టం ఒప్పుకున్న కారణాలు. మోసంతో చేసిన అప్పు డిశ్చార్జ్ వచ్చినా పోదు. ఆర్డరు మీకు వ్యతిరేకంగా వస్తే సబ్ కోర్టు నుంచి జిల్లా కోర్టుకి 30 రోజులు, జిల్లా కోర్టు నుంచి కటక్ హైకోర్టుకి 90 రోజులు.

దరఖాస్తు చేయకపోతే ఇన్సాల్వెన్సీ రద్దవుతుంది, మీరు మళ్లీ దావా వేసుకోవచ్చు. మధ్యలో పోయిన కాలాన్ని మూడేళ్ల లెక్కలోంచి తీసేస్తారు. కానీ ఆ మినహాయింపు బాకీ రుజువు ఇచ్చినవాళ్లకే. ఇవ్వకుండా ఊరుకున్నవాళ్ల మూడేళ్లు ఈలోపు కరిగిపోయి ఉంటాయి. మావయ్యకి ఫోన్లో రెండుసార్లు చెప్పింది ఇదే.

ఇంకొక్కటి. డిశ్చార్జ్ రాకుండానే అతను భార్య పేరున కొత్త షాపు తెరిచి, మళ్లీ అరువు అడుగుతూ తిరగడం బరంపురంలో కొత్తేం కాదు. తాను ఇన్సాల్వెంట్ అని చెప్పకుండా 50 రూపాయలు, అంతకు మించి అరువు తీసుకుంటే 72వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు. యాభై వేలు కాదండి, యాభై రూపాయలే. కొత్తగా అరువిచ్చినాయన్ని వెతికి పట్టుకుని, బిల్లు జిరాక్సు తీసుకుని, ఐపీ నడిచిన కోర్టులోనే మీ లాయరు చేత పిటిషన్ వేయించండి.